ప్రముఖుల మాట విని ఉద్యోగం మానేయవచ్చా? ఒక విశ్రాంత బ్యాంకు మేనేజరు జవాబు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం చేస్తున్నారు. నెలకు 19,000 రూపాయలు చేతికి వస్తున్నాయి. మీ అమ్మగారు చేసే జంతికలకూ పోకుండలకూ మీ చుట్టుపక్కల మంచి పేరుంది కనుక చీపురుపల్లిలో చిన్న తయారీ యూనిట్ పెట్టాలని మీ కోరిక. ఈమధ్య ఒక సినీ కథానాయకుడి ఇంటర్వ్యూలోనూ, ఒక పెద్ద పారిశ్రామికవేత్త ప్రసంగంలోనూ రెండో దారి ఉంచుకున్నవాడు మొదటి దారిలో గెలవలేడని విన్నారు. ఆ మాట పట్టుకుని ఉద్యోగం మానేసి 5 లక్షల అప్పు తీసుకోవచ్చా, అసలు అలాంటివారి సలహాలు మామూలు మనుషులకు పనికొస్తాయా అన్నది మీ ప్రశ్న.

నా జవాబు సూటిగా చెబుతాను. పని ఎలా చేయాలో వారు చెప్పే భాగం తప్పకుండా పనికొస్తుంది. ఎంత పణంగా పెట్టాలో చెప్పే భాగం మీకు పనికిరాదు. ఉద్యోగం ఇప్పుడు మానేయవద్దు. యూనిట్ ఆలోచన మాత్రం మానుకోవలసిన అవసరం లేదు. దాన్ని ఉద్యోగంలో ఉంటూనే పరీక్షించుకునే మార్గం ఉంది, చివర వివరంగా రాస్తాను.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని గ్రామీణ శాఖల్లో చాలా ఏళ్లపాటు రుణాలు మంజూరు చేసిన మనిషిని. పలాస జీడి యూనిట్లు, రాజాం వైపు కుట్టు మిషన్లు, తీరప్రాంతపు పడవలు, డ్వాక్రా సంఘాల పచ్చళ్లు, పాల గేదెలు, సెల్‌ఫోన్ దుకాణాలు, ఇలా ఎన్నో రకాల దరఖాస్తులు నా బల్ల మీదికి వచ్చాయి. విజయాన్ని గురించి మాట్లాడేవారికి లేని ఒక సౌకర్యం నాకు ఆ ఉద్యోగం వల్ల కలిగింది. మొదలుపెట్టిన రోజునా చూశాను, మూడేళ్ల తరువాత ఆ ఖాతా ఏమైందో కూడా చూశాను. గెలిచినవారి ఫైలూ మూసేసినవారి ఫైలూ ఒకే బీరువాలో ఉండేవి.

బ్యాంకులో ఒక పద్ధతి ఉంది. ఫలానా మనిషికి అప్పు ఇవ్వవచ్చని ఎవరైనా గట్టిగా సిఫారసు చేస్తే, అయితే హామీదారుగా సంతకం పెడతారా అని అడుగుతాం. అంతవరకు ఎంతో ధీమాగా మాట్లాడినవారు కూడా ఆ మాటతో కాస్త ఆలోచనలో పడతారు. అప్పు తీరకపోతే తన జేబుకు చిల్లు పడుతుందని తెలిసిన తరువాత మనిషి ఇచ్చే సలహా మారిపోతుంది. మరింత జాగ్రత్తగా, మరిన్ని షరతులతో వస్తుంది. వేదిక మీద నిలబడి ఉద్యోగం వదిలి దూకెయ్యమని చెప్పే ప్రముఖుడు హామీ సంతకం పెట్టని సిఫారసుదారు. ఆయన మాట తప్పితే నష్టం పూర్తిగా మీది. ఆయన దుర్మార్గుడని నేను అనడం లేదు. ఆయన తన జీవితంలో నిజమైనదే చెబుతూ ఉండవచ్చు. కానీ ఏ సలహానైనా తూచేటప్పుడు నేను మొదట చూసేది అది తప్పితే ఎవరు మోయాలన్నదే.

ఇక కారణాలు. మొదటిది, మనం వినేది గెలిచినవారిని మాత్రమే. ప్రాచీన గ్రీకు కాలపు దియాగరస్ అనే నాస్తికుడి గురించి రోమన్ రచయిత సిసెరో ఒక సంగతి రాశాడు. తుపానులో దేవుళ్లకు మొక్కుకుని బతికి బయటపడ్డవారి చిత్రపటాలను గుడిలో చూపించి, ఇప్పటికైనా నమ్ముతావా అని ఆయనను అడిగారట. మునిగిపోయినవారి పటాలు ఎక్కడ అని ఆయన తిరిగి అడిగాడట. కళింగపట్నం, భావనపాడు వైపు వేటకు వెళ్లే కుటుంబాల మధ్య పనిచేసినవాడిగా ఆ ప్రశ్న బరువు నాకు బాగా తెలుసు. రెండో దారి లేకుండా దూకి గెలిచినవాడు వేదిక మీద ఉంటాడు. అదే ధైర్యంతో, అంతే కష్టంతో దూకి ఓడిపోయినవాడిని ఏ కళాశాలా ముఖ్య అతిథిగా పిలవదు. అందువల్ల ఆ ధైర్యమే గెలిపించిందో, ధైర్యం ఇద్దరిలోనూ ఉండి మరేదో గెలిపించిందో వినేవారికి తెలిసే అవకాశం ఉండదు.

సినిమా, సంగీతం వంటి రంగాల్లో ఆ మరేదో మరీ ఎక్కువ. 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. ఎవరికీ తెలియని బృందాల 48 పాటలను 14,000 మందికి పైగా శ్రోతల ముందు పెట్టారు. కొందరు శ్రోతలను ఎనిమిది గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపులోని వారికి తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా చేశారు. పాటలు అవే అయినా ఒక గుంపులో అగ్రస్థానానికి వెళ్లినది మరో గుంపులో బాగా వెనకబడిపోయింది. మరీ మంచి పాట అట్టడుగుకు పోవడం, మరీ నాసిరకం పాట పైకి రావడం అరుదు. మిగిలినవాటి తలరాత మాత్రం తొలి శ్రోతలు ఎటు మొగ్గారన్నదాని మీద ఆధారపడింది. ప్రతిభ అక్కర్లేదని దీని అర్థం కాదు. ప్రతిభ ఉన్న పదిమందిలో ఒకరు తారగా వెలిగినప్పుడు, నేను వెనక్కి చూడలేదు కాబట్టే ఇక్కడికి వచ్చానని ఆయన చెప్పడంలో అబద్ధం లేకపోయినా, అది పూర్తి కారణం కాకపోవచ్చు.

రెండో కారణం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. గెలిచినవారు తమకు దన్నుగా నిలిచినదాన్ని దాచిపెట్టరు, అది వారి కంటికే కనిపించదు. పలాస ప్రాంతంలో నాకు తెలిసిన ఒక జీడి యూనిట్ యజమాని కథ చెబుతాను. మొదట ఇంకొకరి యూనిట్‌లో కూలీగా చేరి పిక్కలు ఉడికించడం, బద్దలు కొట్టడం, పొట్టు తీయడం, గుండునూ బద్దనూ ముక్కనూ వేరుచేయడం అన్నీ నేర్చుకున్నాడు. ఏ వ్యాపారి ఏ రకానికి ఎంత ఇస్తాడో, ఎవరు మాట మీద నిలబడతారో తెలుసుకున్నాడు. ఆ తరువాతే పాత యంత్రం ఒకటి కొని సొంతంగా మొదలుపెట్టాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం జీడి, కొబ్బరి తోటలను కూల్చినప్పుడు అతని యూనిట్ కూడా కొన్ని నెలలు మూతపడింది. ఆ నెలల్లో కూడా బ్యాంకు అప్పు వాయిదా ఆలస్యం కాలేదు.

కొన్నేళ్ల తరువాత ఒక కళాశాలలో అతన్ని సన్మానించి మాట్లాడమన్నారు. నేను సభలో ఉన్నాను. కష్టాన్ని నమ్ముకున్నాననీ, తుపానుకు కూడా భయపడలేదనీ, విద్యార్థులు కూడా భయం వదిలి ముందుకు దూకాలనీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతను చెప్పినదంతా నిజమే, అతని కష్టం నేను కళ్లారా చూశాను. కానీ ఆ కష్టకాలంలో వాయిదాలు అంగన్‌వాడీలో పనిచేసే అతని భార్య ఖాతా నుంచి వచ్చాయని నాకు తెలుసు. ఆ గౌరవ వేతనం లేకపోతే తొంభై రోజులు దాటగానే ఖాతా మొండి బకాయిగా మారేది, కొత్త సీజనుకు పెట్టుబడి పుట్టేది కాదు. తరువాత మాట్లాడుతున్నప్పుడు నేను ఆ విషయం గుర్తుచేస్తే అతను నిజంగా ఆశ్చర్యపోయి, ఆమె గురించి చెప్పనే లేదే అని బాధపడ్డాడు. దాచలేదు, తట్టలేదంతే. మన పక్క ఊరి మనిషి, మంచివాడు, ఇంత దగ్గరి కథ చెప్పినప్పుడే అసలు ఆధారం ఇలా జారిపోతే, మనం ఎన్నడూ చూడని వ్యక్తి అరగంట ప్రసంగంలో ఎన్ని జారిపోతాయో ఆలోచించండి.

దేశమంతటికీ తెలిసిన కథల్లో కూడా ఈ ఆధారాలు వెతికితే దొరుకుతాయి. 1981లో ఇన్ఫోసిస్ మొదలైనప్పుడు నారాయణమూర్తిగారికి సుధామూర్తిగారు తాను దాచుకున్న 10,000 రూపాయలు ఇచ్చారనీ, ఆ తొలి రోజుల్లో ఇంటిని ఆమె సంపాదన ఆదుకుందనీ వారే బహిరంగంగా చెప్పుకున్నారు. బిల్ గేట్స్ హార్వర్డ్ చదువు వదిలేశాడని మనవారు తరచూ చెబుతారు. 1968లోనే అతని పాఠశాలలో విద్యార్థులకు కంప్యూటర్ వాడుకునే సౌకర్యం ఉందనీ, తండ్రి పేరున్న న్యాయవాది అనీ, 1975లో అతను మొదట తీసుకున్నది సెలవేననీ, వ్యాపారం దెబ్బతింటే తిరిగి వెళ్లి చదువుకునే వీలు ఉండేదనీ ఎవరూ చెప్పరు. రెండో దారి ఉన్నవారి కథ మన దగ్గరికి వచ్చేసరికి రెండో దారి లేనివారి కథగా మారిపోతోంది.

విజయనగరానికి సంబంధించిన ఒక ఉదాహరణ కూడా ఈ సందర్భంలో చెప్పాలి. ఘంటసాలగారు సంగీతం కోసం ఈ ఊరు వచ్చి, మధూకరం ఎత్తి కడుపు నింపుకుంటూ చదువుకున్నారన్నది మనందరం విన్నదే. దాన్ని ఇప్పుడు ఆకలి మనిషిని గొప్పవాణ్ని చేస్తుందన్నట్టుగా చెబుతుంటారు. నాకు అది సరైన పాఠంగా తోచదు. ఆయన వచ్చేనాటికి ఇక్కడ 1919లో స్థాపించిన మహారాజా సంగీత కళాశాల ఉంది. ఆయనలోని స్వరాన్ని గుర్తించి చేరదీసిన పట్రాయని సీతారామశాస్త్రిగారి వంటి గురువు ఉన్నారు. అడిగిన కుర్రవాడికి ముద్ద పెట్టే ఇళ్లు ఈ వీధుల్లో ఉన్నాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఆకలి ఉత్త ఆకలిగానే మిగిలేది. ఆయన పట్టుదలను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మీరు ఎవరి జీవితం నుంచైనా నేర్చుకోదలిస్తే ఆ వ్యక్తి చుట్టూ ఏమి ఉందో కూడా లెక్కించి, అది మీ చుట్టూ ఉందా అని చూడండి.

మూడో కారణం కొంచెం వింతగా ఉంటుంది. బాగా చేయగలగడం వేరు, బాగా చెప్పగలగడం వేరు. డేవిడ్ లెవారీ, డేనియల్ గిల్బర్ట్, తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2022లో దీన్ని గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటలో అందరికన్నా బాగా ఆడినవారు కొత్తవారికి ఇచ్చిన సలహాలు మిగతావారి సలహాల కంటే ఎక్కువ మేలు చేయలేదు. అయితే వారు ఎక్కువ సలహాలు ఇచ్చారు, అందుకున్నవారికి అవే గొప్పవిగా అనిపించాయి. వినడానికి బాగుండటం వేరు, ఆచరిస్తే పని జరగడం వేరని నేను రుణగ్రహీతల దగ్గర చాలాసార్లు గమనించాను. ఎన్నో ఏళ్లుగా అలవాటైన పనిలో నిపుణుడు తాను ఏమి చేస్తున్నాడో తనే గుర్తించడు. చేతి పని చేతికి తెలుసు, నోటికి వచ్చేసరికి ధైర్యం, నమ్మకం, కల అనే పెద్ద మాటలు మాత్రమే మిగులుతాయి.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఫోనులో తిరిగే మాటల్లో చాలావాటిని ఆ ప్రముఖులు అననే లేదు. 2020 ఏప్రిల్‌లో ఆర్థిక వ్యవస్థ గురించి తన పేరుతో తిరుగుతున్న ఒక సందేశం తాను అన్నదీ రాసినదీ కాదని రతన్ టాటా స్వయంగా ప్రకటించవలసి వచ్చింది. ఐన్‌స్టీన్ లెక్కల్లో తప్పాడన్న కథ కూడా నిజం కాదు, పదిహేనేళ్లు నిండకముందే ఆయన కలన గణితం నేర్చుకున్నాడు. పరీక్షలకు చదివే మన పిల్లల విషయంలో ఇది మరింత నష్టం చేస్తోంది. ఒకే ర్యాంకరు ఫొటో అనేక కోచింగ్ సంస్థల ప్రకటనల్లో కనిపిస్తుంది. ఆ ర్యాంకర్లలో చాలామంది అక్కడ తీసుకున్నది ఉచిత ఇంటర్వ్యూ శిక్షణ మాత్రమే అన్న సంగతి దాచినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పలు కోచింగ్ సంస్థలకు జరిమానాలు వేసింది, 2024 నవంబరులో ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా తెచ్చింది. 2023 సివిల్స్‌కు 10,16,850 మంది దరఖాస్తు చేస్తే, ప్రాథమిక పరీక్ష రాసినవారు 5,92,141 మంది, చివరికి ఎంపికైనవారు 1,016 మంది. ఆ 1,016 మందిలో ఒకరు అన్నీ వదిలేసి చదివానని చెప్పినప్పుడు, అన్నీ వదిలేసి చదివిన మిగతా లక్షల మంది గురించి కూడా అడగాలి. మన శ్రీకాకుళం జిల్లా నుంచి 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు సాధించిన రోణంకి గోపాలకృష్ణగారు అంతకుముందు ఏళ్ల తరబడి ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసినవారు. చేతిలో ఉద్యోగం ఉండటం ఆయన పట్టుదలకు అడ్డం కాలేదు.

ఇంత చెప్పాక, అయితే ప్రముఖుల మాటలు వినడమే వృథా అని మీరు అనుకుంటే నా ఉద్దేశం తప్పుగా చేరినట్టే. రెండు విషయాల్లో అవి నిజంగా మేలు చేస్తాయి.

మొదటిది, ఇది మనవారికి కూడా సాధ్యమేనని తెలియడం. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ తరువాత ఈ జిల్లాల్లో ఒక ఆడపిల్ల బరువులెత్తుతానంటే ఇంట్లో జరిగే చర్చ మారిపోయింది. విజయనగరం పక్కనున్న కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం సాధించింది. ఈ ధైర్యాన్ని ఏ బ్యాంకు మేనేజరూ, ఏ పక్కింటి పెద్దాయనా ఇవ్వలేరు. అయితే మల్లీశ్వరి ఇంట్లో తండ్రికి రైల్వే రక్షణ దళంలో ఉద్యోగం ఉందనీ, దగ్గర్లోనే నీలంశెట్టి అప్పన్నగారి వంటి శిక్షకుడు దొరికారనీ కూడా ఆ పిల్లలకు చెప్పాలి. కొండవెలగాడలో వ్యాయామశాలా నేర్పేవారూ ఉన్నారు కనుకనే అక్కడి నుంచి ఒకరి తరువాత ఒకరు వస్తున్నారు.

రెండోది, చిన్న చిన్న అలవాట్లు. రాజాం దగ్గర బట్టలు కుట్టే ఒక ఆవిడ టీవీలో ఒక మహిళా పారిశ్రామికవేత్త మాటలు విని, ఆమె లాగే రోజూ పడుకునే ముందు వచ్చినదీ పోయినదీ పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. కొన్ని నెలలకు తన ఆదాయం ఎక్కడ కారిపోతోందో తెలిసింది. పండుగ ముందు ఇచ్చిన అరువులు వసూలు కావడం లేదు. అప్పటి నుంచి సగం డబ్బు ముందుగా తీసుకుంది. తరువాత ఆమె అప్పు కోసం వచ్చినప్పుడు ఆ పుస్తకం చూసి నేను ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. ఆ సలహా పాటించడానికి ఆమెకు పట్టిన ఖర్చు ఒక నోటుబుక్కు. పనికిరాకపోతే మరునాడే మానేయవచ్చు. పాటించి చూడటానికి తక్కువ ఖర్చయ్యేదీ, నచ్చకపోతే వెనక్కి తీసుకోగలిగేదీ అయితే ఆ సలహా ఎవరిదైనా స్వీకరించండి. వెనక్కి తీసుకోలేని నిర్ణయానికి మాత్రం మీ పరిస్థితి తెలిసినవారి మాటే వినండి. ఉద్యోగం మానేయడం, భూమి అమ్మడం, చదువు ఆపేయడం, అప్పు చేయడం ఈ రెండో కోవలోకి వస్తాయి.

మీరు షిఫ్టుల్లో పనిచేసేవారు కనుక ఒక మాట. 2023 అక్టోబరులో నారాయణమూర్తిగారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు పెద్ద చర్చ జరిగింది. సొంత సంస్థలో వాటా ఉన్న మనిషి పెట్టే అదనపు గంట ఆయన ఆస్తిగా మారుతుంది. మీరు కంపెనీలో పెట్టే అదనపు గంటకు ఓవర్‌టైమ్ వస్తే వస్తుంది, లేకపోతే అలసట మిగులుతుంది. ఎవరి కష్టఫలం ఎవరికి చేరుతుందో చూడకుండా గంటల లెక్కను అందరికీ ఒకేలా వర్తింపజేయడం న్యాయం కాదు. మీకు మిగిలిన గంటలు మీ అమ్మగారి వంటింట్లో పెట్టండి, అవి మీవి.

ఇక మీ సొంత లెక్క చూద్దాం. 5 లక్షలు, 11 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు 10,870 రూపాయలు. ఇప్పుడు వస్తున్న 19,000 కూడా కలిపితే, నెలకు దాదాపు 29,870 రూపాయలు నికరంగా మిగిలినప్పుడే మీరు ఇప్పుడున్న చోట ఉన్నట్టు. అద్దె, నూనె, గ్యాసు, మనిషి కూలీ పోను అమ్మకాల మీద నూటికి పాతిక మిగులుతుందనుకున్నా నెలకు 1,20,000 రూపాయల సరుకు అమ్మాలి, అంటే రోజుకు 4,000. కిలో 300 రూపాయలైతే ఒక్కరోజు కూడా తప్పకుండా 13 కిలోలకు పైగా అమ్ముడుపోవాలి. ఇది అసాధ్యం కాదు. కానీ మొదటి నెల నుంచే అవుతుందా అన్నది ఏ ప్రసంగమూ చెప్పలేదు, మీ అమ్మగారి పొయ్యి దగ్గర కూర్చుని మీరే తేల్చుకోవాలి. తాకట్టు లేని ముద్రా రుణమైనా సరే, వాయిదాలు తప్పితే మీ క్రెడిట్ స్కోరు దెబ్బతిని రేపు ఇంటి అప్పుకు కూడా అడ్డం పడుతుంది. ఆహార పదార్థాల చిన్న యూనిట్లకు కేంద్ర ప్రభుత్వపు పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షల వరకు ఉందని విని ఉంటారు. ఆ డబ్బు మొదట చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉండి, మూడేళ్ల తరువాత ఖాతా సక్రమంగా ఉంటేనే అప్పులో సర్దుబాటవుతుంది. సబ్సిడీ ఉంది కదా అని అవసరానికి మించి అప్పు చేసినవారిని నేను చాలామందిని చూశాను. పథకం ఇప్పుడు ఏ నిబంధనలతో నడుస్తోందో మీ శాఖలో అడిగి తెలుసుకోండి.

ఉద్యోగం ఉంచుకుంటే మనసు పెట్టలేరన్న మాటకు కూడా జవాబు ఉంది. జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని వేలాది మంది వ్యాపారుల వివరాలు పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగంలో ఉంటూ వ్యాపారం మొదలుపెట్టి తరువాత పూర్తిగా అందులోకి వచ్చినవారు, మొదటే ఉద్యోగం వదిలేసినవారి కంటే మూతపడే అవకాశం 33 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. అమెరికా లెక్క మనకు అచ్చంగా వర్తించదు, కానీ దిశ మాత్రం నేను చూసినదానితో సరిపోయింది. జీతం వస్తున్నవాడు తొందరపడి నష్టానికి అమ్ముకోడు, తప్పు సరుకు కొన్న నెలలో కూడా ఇంట్లో బియ్యం నిండుకోవు, మళ్లీ సరిదిద్దుకునే సమయం దొరుకుతుంది.

కాబట్టి మీరు చేయవలసినది ఇది. ముందుగా ముగ్గురితో మాట్లాడండి. ఒకరు ఇలాంటి చిరుతిళ్ల యూనిట్‌ను మన జిల్లాల్లో కొన్నేళ్లుగా నడుపుతున్నవారు, ఒకరు మొదలుపెట్టి మూసేసినవారు, మూడోవారు విజయనగరం గంటస్తంభం దగ్గర ఇలాంటి సరుకు అమ్మే దుకాణదారు. ఈ ముగ్గురిలో మూసేసినవారి మాట అన్నింటికన్నా విలువైనది. వారిని ఎవరూ అడగరు కనుక, గౌరవంగా అడిగితే ఎక్కడ దెబ్బతిన్నారో దాచకుండా చెబుతారు. దుకాణదారును సరుకు వేసిన ఎన్ని రోజులకు డబ్బు ఇస్తారో, మిగిలిపోయిన ప్యాకెట్లు ఎవరు భరిస్తారో అడగండి. చిన్న యూనిట్లు రుచి బాగాలేక మూతపడటం నేను తక్కువగా చూశాను, బయట చిక్కుకున్న డబ్బు తిరిగి రాక మూతపడటం ఎక్కువగా చూశాను.

ఆ తరువాత వారాంతపు సెలవు రోజున, షిఫ్టు లేని పూటల్లో, ఇంట్లో ఉన్న పాత్రలతోనే తయారుచేసి కొద్ది దుకాణాలకు వేయండి. ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి. అమ్మగారి శ్రమకు కూడా కూలీ లెక్కగట్టండి. అది వదిలేస్తే లాభం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఉండదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజుల్లోనూ సంక్రాంతికీ ఎలాగూ అమ్ముడుపోతాయి. ఆ అమ్మకాలు చూసి యూనిట్ పరిమాణం నిర్ణయించుకోవద్దు. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో, వానలు పడే రోజుల్లో, ఎన్ని కిలోలు కదిలాయో చూసి నిర్ణయించుకోండి. వచ్చే డబ్బంతా అమ్మగారి పేరిట తెరిచిన ఒకే ఖాతాలో పడేలా చూడండి, ఫోన్ ద్వారా చెల్లించేవారికి కూడా ఆ ఖాతానే ఇవ్వండి. ఏడాది గడిచాక ఆ స్టేట్‌మెంటూ ఖర్చుల పుస్తకమూ పట్టుకుని మీ శాఖకు వెళ్తే, 5 లక్షలు అవసరమో 2 లక్షలు చాలో మేనేజరూ మీరూ కలిసి తేల్చుకోగలుగుతారు. ఉద్యోగానికి రాజీనామా పత్రం రాయాలా వద్దా అన్నది కూడా ఆ పుస్తకంలోని ఆషాఢమాసపు పేజీ చూసిన తరువాతే నిర్ణయించుకోండి.